చూరు గింజ తిన్న చిలక

అనగా అనగా, ఎర్ర కొండలకూ నీలి సముద్రానికీ నడుమ ఒక రాజు ఉండేవాడు. రాజు అన్నాక కోట ఉంటుంది, ఏనుగులుంటాయి, వింజామరలుంటాయి. ఈ రాజుకీ ఉండేవి. వాటి సంగతి మనకొద్దు. కోట వెనక ఒక పెరడు ఉండేది. మనకు కావలసింది ఆ పెరడు.

రాజు పేరు వసుకీర్తి. రాణి పేరు మాలతీదేవి. ఆ పెరడు రాణి తన చేతులతో వేసింది. ఒక మూల జామ, ఒక మూల దానిమ్మ, ఒక మూల పనస, నడుమ తామర కొలను. తోటమాలిని పెట్టుకోమని రాజు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ఆమె వినలేదు. మట్టిలో చెయ్యి పెట్టనివాళ్ళు ఆ పెరట్లో అడుగు పెట్టకూడదు, అంతే. రాజైనా సరే.

ఆ పెరట్లోకి పిట్టలు వచ్చేవి. గోరింకలూ పావురాలూ మీ ఇళ్ళకీ వస్తాయి. అక్కడికి వచ్చినవి వేరు. వెన్నెల రంగు నెమలి వచ్చేది. పగడాల కాళ్ళ కొంగ వచ్చేది. రెక్క విప్పితే సాంబ్రాణి వాసన వేసే పిట్ట ఒకటి వచ్చి, కొలనులో స్నానం చేసి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయేది. పిట్టలే కాదు. ఒక ఉడుము వచ్చి బావి గట్టు మీద ఎండ కాచుకునేది. ఒక పునుగుపిల్లి వచ్చి పనస చెట్టెక్కి నిద్రపోయేది. పొద్దు వాలేవేళ ఒక దుప్పి వచ్చి, కంచె మీద తల ఆనించి లోపలికి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అడవిలోకి వెళ్ళిపోయేది.

ఎందుకొచ్చేవంటారా? పెరటివైపు కోట చూరుకి వరి కుచ్చులుండేవి.

వరి కుచ్చు ఎరగని పిల్లలుంటే వినండి. పైరు కోతకొచ్చినప్పుడు మొదట కోసిన కంకుల్ని కళ్ళంలో నూర్చరు. వాటిని తడిపి, కాడలు మెత్తబడ్డాక జడలా అల్లి, గింజలు కిందికి వేలాడేలా ఇంటి చూరుకి కడతారు. అవి పిట్టలవి. ఇంట్లోవాళ్ళు ఆకలితో ఉన్నా ఆ గింజ ముట్టుకోరు. మాలతీదేవి పుట్టింటివాళ్ళకి ఇంకో నియమం కూడా ఉండేది. తాము కట్టిన కుచ్చులో గింజ తిన్న ప్రాణి తమకు చుట్టం. చుట్టం మీద రాయి విసరకూడదు, వల వేయకూడదు, కత్తి దూయకూడదు. ఏ దేశం వెళ్ళినా, ఏ చూరు కింద నడుం వాల్చినా, ముందు అక్కడ ఒక కుచ్చు కట్టాలి. ఆ తర్వాతే మంచినీళ్ళు తాగాలి. రాణి ఆ నియమాన్ని సారెతో పాటు అత్తింటికి తెచ్చుకుంది.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు. వాడికి విల్లంటే ఇష్టం. నడిమివాడు చండసేనుడు. వాడికి గుర్రమంటే ఇష్టం. చిన్నవాడు కేదారుడు. వాడికి పెరడంటే ఇష్టం. పొద్దస్తమానం చూరు కింద కూర్చుని కుచ్చులు అల్లుతూ ఉండేవాడు.

"ఏరా తమ్ముడూ, యుద్ధమొస్తే శత్రువులకి కూడా కుచ్చులు కడతావా?" అని పెద్దన్న వేళాకోళం చేసేవాడు.

"కడతాను అన్నయ్యా. తిని పడుకుంటారు" అనేవాడు కేదారుడు. చెయ్యి మాత్రం అల్లుతూనే ఉండేది. నిద్రలో కూడా వాడి వేళ్ళు ఆడతాయని దాదులు చెప్పుకునేవారు.

ఒకనాటి పొద్దున, మంచు ఇంకా విడలేదు. కేదారుడు కుచ్చు కడుతుంటే దానిమ్మ కొమ్మ మీద ఒక పిట్ట వాలింది. ఒళ్ళంతా తెలుపు. తల నలుపు. తోక రెండు మల్లెదండల్లా కిందికి వేలాడుతోంది. అది కొమ్మ మీద కూర్చుంటే మంచే కాస్త గట్టిపడి పిట్టయిందేమో అనిపించింది.

"ఇది మీ ఇల్లేనా?" అంది పిట్ట.

కేదారుడి చేతిలోంచి కుచ్చు జారిపోయింది. "నువ్వు మాట్లాడతావా?"

"నిన్నటిదాకా బాగానే మాట్లాడాను. ఇవాళ ఒక మాట పోయింది. అదిగో, ఆ తామరల కింద ఉందే, తడిగా ఉంటుంది, తాగుతారు. దాన్నేమంటారు?"

"నీళ్ళు."

పిట్ట ముక్కు తెరిచింది, మూసింది. "లాభం లేదు. నువ్వు చెప్పినా నాకు అంటుకోవడం లేదు."

ఆ తర్వాత అది తన సంగతంతా చెప్పింది. దాని పేరు తరళ. అది పుట్టుకతో పిట్ట కాదు. ముత్యాల దీవి రాజుగారి కూతురు. ఏడు సముద్రాల అవతల పంజరాల దీవిలో జటాలుడనే మాంత్రికుడు ఉన్నాడు. వాడొకసారి ముత్యాల దీవికి విందుకొచ్చి, తోటలో పాడుకుంటున్న పిట్టని పట్టి పంజరంలో పెట్టాడు. తరళ పంజరం తలుపు తీసి పిట్టని వదిలేసింది. వాడికి కోపం వచ్చింది. ఆమెను పిట్టని చేశాడు.

"రోజుకొక మాట నీ నోట్లోంచి రాలిపోతుంది అన్నాడు. మాటలన్నీ రాలిపోయిన రోజు, ఎవరూ పిలవకుండానే ఎగిరి వచ్చి నా పంజరంలో కూర్చుంటావు అన్నాడు. ఆ తర్వాత నేను మనిషినన్న సంగతి కూడా నాకు తెలియదట."

"వాణ్ణి చంపేస్తే?"

"వాడి ప్రాణం వాడి దగ్గర లేదు. ఒక చిలకలో దాచాడు. ఆ చిలకని తలుపులేని పంజరంలో దాచాడు."

ఆ రోజు నుంచి తరళ ఆ పెరట్లోనే ఉండిపోయింది. కేదారుడు కుచ్చు అల్లుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. రోజుకొక మాట పోయేది. గొడుగు పోయింది. ఉప్పు పోయింది. మెట్టు పోయింది. పోయిన మాట చుట్టూ తిరిగి చెప్పడం ఆమెకి అలవాటైంది. సాయంకాలం అనే మాట పోయాక, "కాకులు ఎర్రగా కనిపించే వేళ" అనేది. అన్నయ్య అనే మాట పోయాక, "మీ ఇంట్లో నిన్ను ఎగతాళి చేసే ఆ పొడుగాయన" అనేది. కేదారుడు నవ్వేవాడు. నవ్వుతూనే అవతలికి తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు.

ఒకరోజు తరళ చాలాసేపు వాడి వంకే చూసి, "అమ్..." అంది. అక్కడే ఆగిపోయింది. ఆ మాట కూడా రాలిపోయింది.

ఇక కేదారుడు ఊరుకోలేదు. తిన్నగా తండ్రి కొలువుకి వెళ్ళాడు. చేతులకి మట్టి అలాగే ఉంది.

"నాన్నగారూ, నేను ఏడు సముద్రాలు దాటి వెళ్ళాలి."

రాజు ఉలిక్కిపడ్డాడు. "చిన్నోడా, నువ్వు కొలనులోనే నడుం లోతుకి దిగవు కదా!"

"తమ్ముడెందుకు, నేను వెళ్తాను" అన్నాడు శూరసేనుడు. విల్లు పట్టుకుని వెళ్ళాడు. మొదటి సముద్రంలోనే పెద్ద అల వచ్చింది. వింటినారి తడిసి వానపాములా సాగిపోయింది. జలుబుతో తిరిగొచ్చాడు.

"అన్నయ్య వల్ల కాలేదు, నేను వెళ్తాను" అన్నాడు చండసేనుడు. గుర్రాన్ని ఓడెక్కించాడు. మూడో సముద్రందాకా వెళ్ళాడు. గుర్రానికి కడుపులో తిప్పి, వాడి కొత్త పట్టు అంగరఖా మీదే కక్కింది. వాడూ తిరిగొచ్చాడు.

"ఇప్పుడు నేను వెళ్తాను" అన్నాడు కేదారుడు.

అప్పటికి తరళకి మిగిలినవి గుప్పెడు మాటలు. వాడు బయలుదేరేముందు ఆమె వాడి భుజం మీద వాలి, ఉన్నవాటిలోంచి మూడు ఏరుకుని చెప్పింది. "వెళ్ళు. చిలక. రా."

మాలతీదేవి కొడుకు చేతిలో ఒక మూట పెట్టింది. అందులో వరి కంకులున్నాయి. "ఏ చూరు కింద నడుం వాల్చినా..." అని ఆమె మొదలుపెట్టింది.

"తెలుసమ్మా. ముందు కుచ్చు కట్టాలి."

"ఆ. మరిచిపోతే నా కొడుకువి కావు" అంది రాణి. కత్తి సంగతి ఆమె అడగలేదు. అది రాజు కట్టాడు.

కేదారుడు కొలను దగ్గరకొచ్చేసరికి అక్కడ ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఒకరు గూడబాతు అవ్వ. ముక్కు కింద పెద్ద సంచి వేలాడే పిట్ట అది. మామూలు గూడబాతు కాదు, మోకాళ్ళ మీద కూర్చున్న ఏనుగంత ఉంటుంది. ఒకరు ముంగిస మామ. ఒకరు గిజిగాడు, బంగారు పిచ్చుక. ముగ్గురూ ఆ చూరు గింజ తిన్నవాళ్ళే.

"అల్లుడూ, బయలుదేరావటగా! చుట్టాలతో చెప్పకుండానే?" అంది ముంగిస.

"మామా, చాలా దూరం."

"ఇంట్లో ఉంటే మాత్రం మీ అత్త నన్ను పడుకోనిస్తుందా? పద."

"అబ్బాయీ, నా సంచిలో కూర్చో" అంది గూడబాతు అవ్వ. "ఒక్క సంగతి. దారిలో నన్ను ఏదీ అడక్కు. జవాబు చెప్పాలంటే నేను నోరు తెరవాలి."

కేదారుడూ ముంగిసా గిజిగాడూ సంచిలో కూర్చున్నారు. అవ్వ ఎగిరింది. మొదటి సముద్రం నీలం. రెండోది పచ్చ. మూడోది పాలలా తెలుపు. నాలుగో సముద్రంలో అలలు లేవు. ఆకాశం కిందా ఉంది, పైనా ఉంది, మబ్బులు రెండువైపులా నడుస్తున్నాయి. అయిదో సముద్రం మీద వాన పైకి కురుస్తోంది. ఆరో సముద్రం అడుగున ఎవరో జోలపాట పాడుతున్నారు. ఆ పాటకి కేదారుడికి నిద్ర ముంచుకొచ్చింది. నిద్రమత్తులో నోరు జారి, "అవ్వా, ఇంకా ఎంత దూరం?" అని అడిగేశాడు.

"ఇదిగో, వచ్చేశాం!" అంది అవ్వ. ముగ్గురూ ధబీమని నీళ్ళలో పడ్డారు.

"అడగొద్దన్నానా?" అంటూ అవ్వ వాళ్ళని మళ్ళీ తోడుకుంది. ముంగిస ఒళ్ళు దులుపుకుని, "అల్లుడూ, ఇంకొక్కసారి నోరెత్తావంటే కొరుకుతాను" అంది.

ఏడో సముద్రం నడుమ పంజరాల దీవి ఉంది. దీవి నిండా చెట్లు. చెట్లకి కాయలకు బదులు పంజరాలు కాశాయి. ప్రతి పంజరంలోనూ ఒక పిట్ట. అన్ని పిట్టలున్నా ఒక్క కూత లేదు, ఒక్క కిచకిచ లేదు. గాలి వీస్తే పంజరాలు ఊగుతున్నాయి, అంతే. దూరంగా తోట నడుమ ఒక చిన్న మంటపం ఉంది. అందులోంచి ఒక్క గొంతు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

"ఉప్పు... గొడుగు... మెట్టు... ఆకలి... తోడికోడలు... అమ్మ... నీళ్ళు..."

అదే చిలక. రాలిపోయిన మాటలన్నీ దాని గొంతులోకే వచ్చి చేరుతున్నాయి.

తోట వాకిలి దగ్గర ఒక పాము కాపలా ఉంది. ప్రహరీ చుట్టూ చుట్టుకుని, తోక తన నోట్లోనే పెట్టుకుని ఉంది. ముంగిస ముందుకొచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ఓయ్, తాడూ! బావిలో చేద పడింది, కాస్త వస్తావా?"

పాము పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ తాడు అనలేదు. బుస్సుమని లేచింది. ముంగిస పరిగెత్తింది. పాము వెంటపడింది. ముంగిస ఒక చెట్టు చుట్టూ తిరిగింది, ఇంకో చెట్టు కింద దూరింది, మూడో చెట్టు మీద నుంచి దూకింది. పాము కూడా తిరిగింది, దూరింది, దూకింది. చివరికి చూస్తే మూడు చెట్లకీ కలిపి ముడి పడిపోయింది.

"నేనిక్కడే ఉంటాను. ముడి వదులైతే మళ్ళీ బిగించాలి" అంది ముంగిస.

మాంత్రికుడు సముద్రంలో జడలు తడుపుకోవడానికి వెళ్ళి ఉన్నాడు. కేదారుడూ గిజిగాడూ మంటపంలోకి వెళ్ళారు. నడుమ బంగారు తీగెలతో అల్లిన పంజరం ఉంది. తలుపు లేదు. కేదారుడు కత్తితో కొట్టాడు. కత్తి అంచు వంగింది, తీగె వంగలేదు. కత్తిని మళ్ళీ ఒరలో పెట్టేశాడు.

"పక్కకి జరుగు" అంది గిజిగాడు. "అల్లినదాన్ని కొట్టకూడదు, విప్పాలి. ఎక్కడో ఒకచోట దీని కొస ఉంటుంది." అది పంజరం చుట్టూ తిరిగి తిరిగి, కొస పట్టుకుని, ముక్కుతో ఒక్కొక్క తీగే విప్పడం మొదలుపెట్టింది.

కేదారుడికి ఏం చెయ్యాలో తోచలేదు. ఈపాటికి తరళకి ఎన్ని మాటలు మిగిలాయో! చిలక బయటికి రాగానే ఒక్క వేటు. మాంత్రికుడు పోతాడు, మాయ పోతుంది. అలా అనుకుంటూ మంటపం చూరు కింద చతికిలబడ్డాడు. చతికిలబడగానే వాడి చేతులు వాటంతట అవే మూట విప్పాయి. కంకులు సముద్రంలో తడిసి మెత్తగానే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చేస్తున్న పని. మనసు ఎక్కడో ఉంది. వేళ్ళు అల్లేశాయి. లేచి ఆ కుచ్చుని మంటపం చూరుకి కట్టేశాడు. కట్టినట్టు వాడికే తెలియదు.

చివరి తీగె ఊడింది. పంజరం కుప్పకూలింది. చిలక బయటికొచ్చింది. దాన్ని చూస్తే జాలేసింది. ఈకలు వాడిపోయాయి. జటాలుడు దానికి రత్నాలపొడి తినిపించేవాడు. అది రెక్కలీడ్చుకుంటూ, నోట్లోంచి మాటలు జారుతుండగానే, తిన్నగా కుచ్చు దగ్గరకెళ్ళింది. మెడ చాచి ఒక గింజ ఒలుచుకుని తినేసింది.

గింజ లోపలికి వెళ్ళగానే దాని గొంతులో మాటల ధార ఆగింది. తోటంతా నిశ్శబ్దమైంది.

కేదారుడి కత్తి సగం ఒరలోంచి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"చిన్నరాజా!" అంది గిజిగాడు కోపంగా. "నేనిక్కడ ముక్కు అరగదీసుకుని విప్పుతుంటే, నువ్వక్కడ విందు వడ్డించావా?"

"నేను... నా చెయ్యి..." అన్నాడు కేదారుడు.

"ఒక్క గింజే కదా! ఎవరు చూశారు? కానివ్వు. నరుకు!"

అదే సమయానికి జటాలుడు వచ్చాడు. తడి జడలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, కత్తినీ చిలకనీ చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. "బాబ్బాబు! ఆ చిలక జోలికి వెళ్ళకు. నీకేం కావాలి?"

"తరళని మనిషిని చెయ్యి."

"నా చేతిలో లేదు నాయనా! మంత్రాలన్నీ ఆ చిలక గొంతులోనే దాచుకున్నాను. ఓ చిలకా, వీణ్ణి రాయిని చేసే మంత్రం చెప్పవే!"

చిలక తల అడ్డంగా ఊపింది.

కేదారుడు చిలక వంక చూశాడు. ఒక్క వేటు చాలు. కళ్ళ ముందు తరళ కనిపించింది, ముక్కు తెరిచి, మాట దొరక్క, మళ్ళీ మూసుకుంటూ. కత్తి పిడి మీద వాడి వేళ్ళు తెల్లబడ్డాయి. చిలక ఏమీ ఎరగనట్టు రెండో గింజ ఒలుస్తోంది.

చివరికి కత్తిని ఒరలోకి తోసేశాడు. చూరు కింద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. "తిను. కడుపు నిండా తిను. నువ్వు మా అమ్మకి చుట్టానివి. నా వల్ల కాదు."

చిలక తినడం ఆపింది. వాడి మోకాలి మీదికి ఎక్కింది. చాలా ఏళ్ళుగా అది ఊరివాళ్ళందరి మాటలూ పలికింది గానీ, తన మాట ఒక్కటీ పలకలేదు. ఇప్పుడు పలికింది.

"రాజకుమారా, నన్ను నరికితే వీడు చచ్చేవాడే. కానీ నీ తరళ మాటలు ఎక్కడున్నాయనుకున్నావు? నా గొంతులో ఉన్నాయి. అవి కూడా నాతోనే పోయేవి. ఆ పిల్ల ఎప్పటికీ పిట్టగానే ఉండేది."

కేదారుడు ముఖం మీద చేతులు తీశాడు.

"ఇన్నాళ్ళూ నన్ను దాచుకున్నవాళ్ళే గానీ, చుట్టమని పిలిచినవాళ్ళు లేరు. ఎవరి మాటలు వాళ్ళకి ఇచ్చేస్తాను. మీ ఇంటికి తీసుకెళ్తావా?"

ముందు ఆ తోటలోని పంజరాలన్నీ విప్పారు. గిజిగాడు విసుక్కుంటూనే అన్నీ విప్పింది. చిలక కేదారుడి భుజమెక్కి, కొమ్మ కొమ్మకీ వెళ్ళి మాటలు పంచింది. చేపలు పట్టేవాడి మాటలు చేపలు పట్టేవాడికి, పూలమ్మే ఆమె మాటలు పూలమ్మే ఆమెకి. 'నేను' అనే మాట అందగానే ఈకలు రాలాయి, మనుషులు లేచారు. ఒకరిద్దరు మాత్రం, "మాటలు చాలు, ఈ రెక్కలు బాగున్నాయి, ఉండనివ్వండి" అని ఎగిరిపోయారు.

అవ్వ మళ్ళీ సంచి తెరిచింది. కేదారుడూ గిజిగాడూ, పాము ముడి చివరిసారి బిగించి ముంగిసా ఎక్కారు. చిలక అవ్వ తల మీద కూర్చుంది. వెనక జటాలుడు, "నా ప్రాణమోయ్! నా ప్రాణాన్ని సముద్రం మీదికి తీసుకుపోతున్నారోయ్!" అంటూ, ఒక గంగాళంలోకి ఎక్కి, గరిటెతో తెడ్డేసుకుంటూ వెంటపడ్డాడు.

మూడో సముద్రం మీదికి వచ్చారు, పాలలాంటి సముద్రం. ఎదురుగా ఏదో తెల్లగా కదిలింది. రెండు మల్లెదండలు గాలిలో తేలుతూ వస్తున్నాయి. తరళ! ఆమె చివరి మాట కూడా రాలిపోయింది. ఎవరూ పిలవకుండానే ఎగిరి పంజరాల దీవికి పోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళలో ఎవరూ లేరు. అవ్వని దాటి, తల కూడా తిప్పకుండా వెళ్ళిపోయింది.

చిలక పుట్టాక ఎప్పుడూ ఎగరలేదు. అప్పుడు ఎగిరింది. పడుతూ లేస్తూ తరళ వెంటపడి అరిచింది. "నీళ్ళు!"

తరళ తల వంచి కిందికి చూసింది. కింద అంతా నీళ్ళు. రెక్కల వేగం తగ్గింది. ఒక తెల్ల ఈక రాలింది.

"గొడుగు! ఉప్పు! సాయంకాలం!" ఈకలు రాలుతున్నాయి. "అమ్మ!"

తరళ గాలిలో ఆగిపోయింది. గుండ్రంగా తిరిగింది. "అమ్మ" అంది. మళ్ళీ అంది. చంటిపిల్ల అన్నట్టే అంది.

ఇదంతా సంచిలోంచి వింటున్న కేదారుడికి ఒక్కసారిగా భయం వేసింది. "అవ్వా, నోరు తెరువు!" అని అరిచాడు. అవ్వ తెరిచింది. ముగ్గురూ నీళ్ళలో పడ్డారు. కేదారుడు మునిగి తేలుతూ గొంతు చించుకున్నాడు. "ఓ చిలకా! ఆగు! 'నేను' అనే మాట ఇప్పుడు చెప్పకు! మనిషైపోయి సముద్రంలో పడుతుంది!"

"నిజమే సుమా! నాలిక చివరిదాకా వచ్చింది" అంది చిలక.

తరళ వచ్చి అవ్వ వీపు మీద వాలింది. నీళ్ళలో పడ్డవాళ్ళని అవ్వ మళ్ళీ తోడుకుంది. అందరూ పెరట్లో దిగాక, దానిమ్మ చెట్టు కింద, మాలతీదేవి పట్టుచీర పట్టుకుని నిలబడగా, చిలక ఆ మాట చెప్పింది. "నేను" అంది తరళ. తెల్ల ఈకలన్నీ ఒక్కసారి రాలాయి. చీర చుట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. మగవాళ్ళంతా అటు తిరగమని రాణి ముందే చెప్పింది. రాజు కూడా తిరిగాడు.

అయితే మాటలన్నీ ఇంకా రాలేదు. చిలక గొంతులో అవి కలగాపులగంగా ఉన్నాయి. ఏది ముందు చిక్కితే అదే వచ్చేది. ఇది తెలియని కేదారుడు, చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు.

తరళ ముఖం వెలిగింది. నోరు తెరిచింది. "తోడికోడలు" అంది.

ఆమె మాట కాదది. చిలక ఎవరిదో మాట పొరపాటున ఇచ్చింది. పెద్దన్న పడీ పడీ నవ్వాడు. తరళ కాలు నేలకేసి తన్ని, చిలక వంక కొరకొరా చూసింది. పాపం, చిలక గొంతంతా వెతికింది. "మెట్టు? కాదు. దోసకాయ? కాదు. ఉండమ్మా, అడుగున ఎక్కడో ఉంది... ఇదిగో! సరే."

"సరే!" అని అరిచింది తరళ. "సరే, సరే, సరే!"

పందిరి పెరట్లోనే వేశారు. వెన్నెల రంగు నెమలి వచ్చింది. పగడాల కాళ్ళ కొంగ వచ్చింది. దుప్పి ఆ ఒక్కరోజు కంచె దాటి లోపలికి వచ్చి, అక్షింతలు తిని వెళ్ళింది. ముత్యాల దీవి రాజుగారు ఓడలో వచ్చి, కూతురి నోట ప్రతి మాటా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని విన్నాడు. వసుకీర్తి పెద్దకొడుకుని సైన్యానికి అధిపతిని చేశాడు. నడిమికొడుక్కి గుర్రపుశాలలిచ్చాడు. రాజ్యం మాత్రం కేదారుడికే ఇచ్చాడు. "ఆకలిగా ఉన్న ప్రాణి మీద కత్తి దూయనివాడి చేతిలో నా జనం ఉంటారు" అన్నాడు. కేదారుడూ తరళా తలలు నెరిసేదాకా రాజ్యమేలారు. వాళ్ళకి కొడుకులూ కూతుళ్ళూ కలిగారు. అందరూ వసపిట్టల్లా వాగేవారు.

జటాలుడేమయ్యాడంటారా? గంగాళంలో ఆపసోపాలు పడుతూ రానే వచ్చాడు. అప్పటికి చిలక మంత్రాలన్నీ సముద్రంలో ఉమ్మేసింది. వాడు అరుగు కింద నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా, నా ప్రాణం మీ జామచెట్టు మీద కూర్చుని కాయలు కొరుకుతోంది. పైన గద్దలున్నాయి, కింద పిల్లులున్నాయి. నేనేం చెయ్యను?"

"చెట్టు కింద నువ్వు కూర్చో" అంది మాలతీదేవి. "ఊరికే కాదు. ముందు ఆ పాదులు తవ్వు. మట్టిలో చెయ్యి పెట్టనివాళ్ళకి ఇక్కడ చోటు లేదు."

ఏడు సముద్రాలనూ వణికించిన మాంత్రికుడు ఆ పెరట్లో పాదులు తవ్వాడు. ఒక చేతిలో పార, ఒక చేతిలో వెదురుబద్ద. కొమ్మ కదిలితే చాలు, ఉలిక్కిపడి లేచేవాడు. మంత్రాలన్నీ పోయాక వాడి నోట మిగిలింది ఒకే ఒక్క కేక. అది పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా కోట నాలుగువైపులా వినిపించేది.

"హుష్! పిల్లీ, పో! పోవే! నీకు దణ్ణం పెడతాను, పో!"

చిలక కొమ్మ మీద తల ఎగరేసి వాడి వంక చూసేది. ఒక్కోసారి, వాడు మరీ అలిసిపోయినట్టు కనిపిస్తే, దోరజామకాయ ఒకటి కొరికి కిందికి పడేసేది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ చూసి, తినేవాడు.

కథ ఎగిరిపోయింది. లేవండి, కాళ్ళూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చోండి.